దేనికి విసరాలి?

మాల్ట్ అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే మూత తియ్యగానే కమ్మటి వాసన వేసే హార్లిక్స్ సీసా గుర్తొస్తుంది. పరీక్షల రోజుల్లో పిల్లల చేతికిచ్చే వేడి గ్లాసు, జ్వరం తగ్గినవాళ్ళని చూడ్డానికి వెళ్తూ బత్తాయిలతోపాటు సంచీలో పెట్టుకున్న సీసా, ఏడో నెల పిల్లాడికి చెంచాతో పట్టే రాగి మాల్టూ... అన్నీ ఇల్లూ, పిల్లలూ, ఆరోగ్యమూ, వీటితో ముడిపడిన తలపులే. అసలా మాటే ఎంతో సాధువుగా ఉంటుంది.

అదే మాల్టుని మరపట్టి, కాచి, పులియబెడితే బీరవుతుందంటే మనలో చాలామందికి ఒక్క క్షణం గుటక దిగదు. ఎక్కడ హార్లిక్సు, ఎక్కడ బీరు! ఒకటి వంటింటి అలమారలో ముందు వరసలో దర్జాగా కూచునేది. రెండోది ఇంటాయన స్నేహితులొచ్చే రోజున ఫ్రిజ్‌లో కూరగాయల వెనకాల నక్కి ఉండేది. కాని ఏమాటకామాటే చెప్పుకోవాలి. రెండూ ఒక్క తల్లి బిడ్డలే. ఆ తల్లి పేరు బార్లీ. మన పెద్దవాళ్ళు యవలు అనేవారు. కాళ్ళవాపులొచ్చిన గర్భిణీకి కాచి ఇచ్చే బార్లీ నీళ్ళున్నాయే, ఆ బార్లీయే!

మరి ఒకే గింజ, ఒక దారిన పోతే పథ్యమూ ఇంకో దారిన పోతే వ్యసనమూ ఎలా అయింది? ఏ మెట్టు దగ్గర దాని మంచితనం పోయింది? ఆ మెట్టుదాకా దాన్ని మోసిన చేతులకి పాపం అంటుతుందా, అంటదా? ఇవి నాకు పొద్దుపోక తోచిన ప్రశ్నలు కావు. తెలిసినవాళ్ళ ఇంట్లో నిజంగానే వచ్చిపడ్డాయి. ఆ గొడవలోకి వెళ్ళేముందు మాల్టు సంగతి కొంచెం చెప్పుకుందాం.

రాగి మాల్టు మనం ఎలా చేసుకుంటాం? రాగులు రాత్రంతా నానబోసి, నీళ్ళు వంచేసి, తడిగుడ్డలో మూట కడతాం. మొలకలొచ్చాక నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, అరచేతులతో నలిపి మొలకల తోకలు రాల్చి, విసిరి, పల్చటి గుడ్డలో జల్లిస్తాం. బీరు కోసం బార్లీకి చేసేదీ ఇంచుమించు ఇదే. మన గిన్నెకి బదులు పెద్ద తొట్టి, తడిగుడ్డకి బదులు చల్లగాలి ఆడే గది, నీడకి బదులు వేడిగాలి బట్టీ. ఓ రెండు రోజులు నానబెట్టి, నాలుగైదు రోజులు మొలకెత్తనిచ్చి, ఆ తర్వాత వేడిగాలితో ఆ మొలకని అక్కడికక్కడ ఆపేస్తారు.

ఎందుకింత తతంగం అంటారా? గింజలో ఉన్న పిండి అంతా పుట్టబోయే మొక్క కోసం దాచిన అన్నం. దానికి గట్టి తాళం వేసి ఉంటుంది. మొలకెత్తే ఘడియ వచ్చాక గింజే ఆ తాళానికి చెవి తయారుచేసుకుంటుంది. ఎంజైములంటే అవే. పిండిని తియ్యటి చక్కెరగా మార్చడం వాటి పని. మొలకని సరైన సమయంలో ఆపితే తాళంచెవీ మనకి మిగులుతుంది, అన్నమూ మిగులుతుంది. మొలకెత్తిన రాగుల పిండితో కాచిన జావ, పిండి కాస్త ఎక్కువ వేసినా జారుగానే ఉంటుంది చూడండి, అది ఈ తాళంచెవి మహిమే. పసివాడి బుజ్జి పొట్టలోకి ఎక్కువ బలం వెళ్ళేది అందుకే. బీరు కాచేవాళ్ళకి కావలసిందీ అదే. మరపట్టిన మాల్టుని సుమారు 65 డిగ్రీల వేడినీళ్ళలో ఓ గంట ఉంచితే పిండి కాస్తా పానకమవుతుంది. అంతవరకూ అందులో మత్తు ఒక్క చుక్క కూడా ఉండదు. ఆ పానకాన్ని వడకట్టి, హాప్స్ అనే చేదు పువ్వులు వేసి కాచి, చల్లార్చి ఈస్టు కలిపాకే అది పులిసి బీరయ్యేది.

పసిబిడ్డ జావకీ, బీరు గ్లాసుకీ తాళంచెవి ఒకటేనన్నమాట!

ఇక ఆ ఇంటి సంగతి. నా స్నేహితురాలి కూతురు ఫుడ్ టెక్నాలజీ చదివింది. వాళ్ళది హైదరాబాదు. పిల్లకి సంగారెడ్డి వైపు ఒక బీరు కార్ఖానాలో ఉద్యోగం వచ్చింది. లారీల్లో మాల్టు దిగినప్పట్నుంచీ దాన్ని మరపట్టి తొట్టిలోకి పంపేదాకా నాణ్యత చూసుకోవడం పని. జీతం బాగుంది. తండ్రి రిటైరయ్యాడు, తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజులు ఇంకా రెండేళ్ళున్నాయి. తల్లి ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. బామ్మ మాత్రం ససేమిరా అంది.

ఆవిడ చాదస్తం కొద్దీ అన్న మాట కాదది. ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడుండేవాడట. కోనసీమలో కొబ్బరితోట ఉన్నవాడు. ముందు తోట పోయింది, తర్వాత ఇల్లు పోయింది, ఆ తర్వాత మనిషే పోయాడు. అన్నిటినీ మింగింది తాగుడే. మరదలు పుస్తెలతాడు అమ్ముకుని, నలుగురిళ్ళలో వంటలు చేసి పిల్లల్ని గట్టెక్కించింది. "ఆ ఇంట్లో ఖాళీ సీసాలు నేను కళ్ళారా చూశానే. సీసా నింపే చేతుల్లో నా మనవరాలి చెయ్యి కూడా ఉండాలా?" అందావిడ. గొంతు పెంచకుండానే అంది. అలా అన్నప్పుడే కదా జవాబు చెప్పడం కష్టం!

మనవరాలు మాత్రం తగ్గలేదు. "బామ్మా, నేను తాగను, తాగమనను, అమ్మను. రెండు ఉక్కు రోలర్ల మధ్య సందు సరిగ్గా ఉందో లేదో చూడటమే నా పని. నా గదిలో ఉండేది ధాన్యం, ధాన్యం పొడి, అంతే. చిన్నప్పుడు నువ్వు నాకు పట్టిన మాల్టుకీ దానికీ తేడా ఏమిటో చెప్పు, మానేస్తాను" అంది. నా వంక తిరిగి, "నువ్వు చెప్పు పిన్నీ, నవలలు రాస్తావు కదా!" అని నన్నూ లాగింది. నవలలు రాసేవాళ్ళకి అన్నిటికీ జవాబులు తెలుసుననే అపోహ ఈ కాలప్పిల్లలకి కూడా ఉందన్నమాట!

పిల్ల చిన్న కాగితం పొట్లంలో మాల్టు తెచ్చింది. బామ్మ ఒక గింజ తీసి పంటికింద వేసుకుంది. కరకరలాడింది. "హార్లిక్సు వాసనేనే!" అంది అప్రయత్నంగా. అని, తనే చిన్నబుచ్చుకుంది. వాతావరణం తేలికపడుతుందని కాబోలు, పిల్ల బాల్కనీలో ఓ మూల తులసికుండీ పక్కన పడున్న తిరగలిని చూపించి, "దీన్ని ఓ గుప్పెడు విసిరిపెట్టు బామ్మా, నీ చేతి పని చూద్దాం" అంది. పాతకాలపు మనిషికి తిరగలి చూపించి విసరమంటే కోపం ఎంతసేపు నిలుస్తుంది? ఆవిడ కాలు ఒకటి చాపుకుని కూచుంది. తడిగుడ్డతో రాళ్ళు తుడిచి ఆరనిచ్చింది. గుప్పెడు గింజలు తీసింది. తీసిన చెయ్యి తిరగలి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"విసరమంటావు సరే. దేనికి విసరాలి? రవ్వకా, పిండికా?" అంది.

పిల్ల వివరించింది. పైపొట్టు చెదరకూడదు, లోపలి గింజ మాత్రం పగలాలి అని. బామ్మ ఓ గుడ్డపేలిక చింపి నడిమి మేకు చుట్టూ చుట్టి పైరాయిని వెంట్రుకవాసి ఎత్తింది. గింజలు కాస్త ధారాళంగా పోసి నెమ్మదిగా తిప్పింది. మొదటి గుప్పెడు సరిగా రాలేదు, పొట్టు చీలికలైంది. రెండో గుప్పెడికి పొట్టు పొట్టుగానే ఉండి, లోపలిది రవ్వరవ్వగా రాలింది. పిల్ల దాన్ని అరచేతిలో పోసుకుని, "మా కాలేజీ ల్యాబులో ఇలా రావడానికి వారం పట్టింది బామ్మా!" అంది.

ఆ పొట్టు గోల ఏమిటో కొంచెం చెప్పాలి. ఎందుకంటే ఈ పని రహస్యమంతా అందులోనే ఉంది. పొట్టు తినడానికి పనికిరాదు, తియ్యదనం ఇవ్వదు. ఐనా దాన్ని కాపాడుకోవడానికే మర దగ్గర ఇంత జాగ్రత్త. మాల్టుని వేడినీళ్ళలో కలిపాక, పానకాన్ని వడకట్టాలి కదా. అప్పుడు ఈ పొట్టే అడుగున పరుచుకుని మెత్తటి జల్లెడ అవుతుంది. పానకం దాని సందుల్లోంచి తేటగా దిగుతుంది. పొట్టు నలిగిపోయిందంటే ఆ దారులు మూసుకుపోయి తొట్టి అంతా జిగురుముద్దై కూచుంటుంది. పైగా పొట్టులోని వగరు పానకంలోకి దిగుతుంది. అలాగని గింజని పగలకుండా వదిలేస్తే లోపలి పిండికి నీళ్ళు తగలవు, సరుకంతా దండగ. రెండు రోలర్ల మధ్య సందు ఒక మిల్లీమీటరుకి కాస్త అటూఇటూ. అంతలోనే ఉంది అంతా! కందులకి విసిరేముందు నూనె రాసి పెట్టినట్టు, కొన్నిచోట్ల మాల్టుకి ముందు కాస్త తడి తగిలిస్తారు. పొట్టు సాగేగుణం తెచ్చుకుని చిట్లకుండా ఉంటుందిట. పెద్ద కార్ఖానాల్లో ఆరేసి రోలర్ల మరలుంటాయి. ఇంకొన్నిచోట్ల పొట్టు జల్లెడ మానేసి గుడ్డ వడపోతలు వాడతారు. అలాంటిచోట మెత్తటి పిండే కావాలి. అంటే అక్కడా అదే ప్రశ్న... దేనికి?

ఆ ఒక్క మాట నా మనసులో నాటుకుపోయింది. విసరడమంటే బొత్తిగా ఆలోచన అక్కర్లేని పని అనుకుంటాం. చెయ్యి దానిపాటికది తిరుగుతుంటుంది, మనసు ఎక్కడో తిరుగుతుంటుంది. విసుర్రాయి పాటలు పుట్టింది అందుకే గదా! కాని దేనికో తెలియకుండా ఒక్క గుప్పెడు కూడా విసరలేం. ఇడ్లీకో రవ్వ, ఉప్మాకో రవ్వ, సున్నుండలకో పిండి. చెయ్యి తిప్పే తీరులోనే తర్వాత కాబోయేది దాగుంది. కార్ఖానాలోనూ అంతే. రోలర్ల మధ్య మిల్లీమీటరు సందులో అప్పటికే బీరు గ్లాసు ఉంది. 

కాబట్టి, "నేను విసిరానంతే, తరవాత సంగతి నాకు తెలీదు" అన్న మాట చెల్లదు. మా పిల్ల వాదంలో బలమైనదనుకున్న ముక్కే ఇక్కడ తేలిపోయింది. ఆ గదిలో మత్తు లేదన్నది నిజమే. కాని మత్తుకి కావలసిన తయారీ ఉంది, తెలిసి చేస్తున్న తయారీ. బీరు కదా, మెత్తటిదేలే అని సరిపెట్టుకోవడానికీ లేదు. మన దేశంలో దొరికే బీరులో ఆల్కహాలు 5 శాతం నుంచి 8 శాతం దాకా ఉంటుంది. ఆరోగ్యానికి హాని చెయ్యని మోతాదంటూ ఆల్కహాలుకి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది.

ఐతే తెలిసినంత మాత్రాన పాపమంతా ఆ పిల్ల నెత్తినెయ్యాలా?

మన పాతపుస్తకాలు ఈ విషయంలో చాలా కఠినం. మాంసం విషయం వచ్చినప్పుడు మనుస్మృతి ఒప్పుకున్నవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు... అందర్నీ కలిపి హంతకులనే అంది. చేసినవాడికీ, చేయించినవాడికీ, పురిగొల్పినవాడికీ, సరే అన్నవాడికీ ఫలితంలో సమానభాగమని మన ఇళ్ళల్లో పెద్దలు చెప్తూనే ఉంటారు. నాకు ఆ 'సమానం' దగ్గరే చిక్కు. అలా అనుకుంటే రాజస్థాన్‌లో ఎక్కడో బార్లీ పండించిన రైతూ, లారీ తోలినవాడూ, రోలర్లకి పళ్ళు కోసిన లేతు పనివాడూ, ఆ కార్ఖానాలో నేల తుడిచే ఆవిడా అందరూ బామ్మ తమ్ముణ్ణి చంపినవాళ్ళే అవుతారు. అందరూ సమానంగా దోషులే అంటే చివరికి ఎవరూ దోషి కారు. మరీ మెత్తగా విసిరిన మాల్టులా అంతా ముద్దైపోయి, తేట అనేది దిగదు. అలాగని, "తాగినవాడి తప్పే, మిగతావాళ్ళకేం సంబంధం?" అంటే గింజని పగలగొట్టకుండా వదిలేసినట్టే. లోపలున్న నిజానికి నీళ్ళే తగలవు.

బుద్ధుడు ఇంకో రకంగా చెప్పాడు. గృహస్థుడు చేయకూడని వ్యాపారాలు ఐదున్నాయన్నాడు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తుపదార్థాలు, విషం. ఆయన జాబితాలో రైతు లేడు, తిరగలి తిప్పే మనిషి లేదు. గీత వ్యాపారం దగ్గర గీశాడు. ఎక్కడో ఒకచోట గీత గియ్యాలని ఆయనకి తెలుసు.

ఆ మాటకొస్తే ఈ తిరగలి పని, బీరు పని పూర్వం ఆడవాళ్ళదే. ఈజిప్టు సమాధుల్లో దొరికిన బొమ్మల్లో రాతిమీద ధాన్యం నూరుతున్న స్త్రీలున్నారు, బీరు పిసుకుతున్న స్త్రీలున్నారు. సుమేరులో బీరుకి నిన్‌కసి అని ఒక దేవతే ఉండేది. ఆవిడమీద సుమారు 3,800 ఏళ్ళ కిందటి స్తోత్రం మట్టిపలకల మీద దొరికింది. మధ్యయుగాల ఇంగ్లండులో ఇంటింటా బీరు కాచి అమ్మేది ఎక్కువగా స్త్రీలే. పెద్ద పెట్టుబడులూ, పెద్ద లాభాలూ వచ్చాక అది మగవాళ్ళ చేతుల్లోకి పోయింది. వినడానికి నవ్వొస్తుంది కాని, ధాన్యం విసిరిన చివరా ఆడదే ఉంది, తాగొచ్చినవాడి చేతిదెబ్బలు తిన్న చివరా ఆడదే ఉంది.

ఆ రెండో చివరనున్న ఆడవాళ్ళు ఒకసారి లేచి నిలబడ్డారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో. అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిబడికి వెళ్ళిన కూలి స్త్రీలు, వాచకంలో ఒక పాఠం చదివి, అది తమ కథే అనుకుని ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు జిల్లాలంతా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది. 1997లో అది సడలిపోయిందనుకోండి, అది వేరే కథ. నేను చెప్పదలుచుకున్నది ఇంకొకటి. ఆ స్త్రీలు చెరకుతోటల మీదికి వెళ్ళలేదు. బెల్లపుమడ్డి మోసే బండివాడి మీద పడలేదు. సారా దుకాణం ముందు నిలబడ్డారు, సారా పాటలు జరిగేచోట అడ్డంపడ్డారు. ఎక్కడ అడ్డుపడితే ఆగుతుందో, ఎవరి లాభం తమ ఇళ్ళు కూలితేనే పెరుగుతుందో వాళ్ళకి తెలుసు. చదువు అప్పుడే మొదలుపెట్టిన ఆ అమ్మలు నేరాన్ని జల్లెడ పట్టారు.

జల్లెడ! నాకు దొరికిన జవాబు ఇదే. మరపట్టిన మాల్టు సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి కార్ఖానాల్లో దాన్ని వరసగా అమర్చిన జల్లెడల మీద పోసి ఊపుతారట. పైన పొట్టు నిలుస్తుంది, మధ్యలో రవ్వ, అడుగున పిండి. దేని పాలెంతో తూచి చూస్తారు. పాపపుణ్యాలనీ అలాగే తూచాలేమో. ఊరికే తగిలిన చేతులు కొన్ని, తెలిసి పనిచేసిన చేతులు కొన్ని. ఎదుటి ఇల్లు ఎంత మునిగితే తమ పెట్టె అంత నిండే చేతులు కొన్ని. జల్లెడ పట్టడానికి మూడు ప్రశ్నలు చాలు. నీకెంత తెలుసు? నువ్వు ఆపితే ఎంత ఆగుతుంది? ఎదుటివాడు మరీ ఎక్కువగా తాగితే నీకేమైనా కలిసొస్తుందా?

ఇలా చూస్తే మా పిల్లకి మొదటి ప్రశ్నలో పూర్తి మార్కులు, రెండోదానికి దాదాపు సున్నా, మూడోదానికి ఏదో కొంచెం. మద్యం ప్రకటనలు వెయ్యకూడదంటే సోడా పేరుతోనూ, మంచినీళ్ళ పేరుతోనూ అదే బొమ్మ చూపించి కుర్రవాళ్ళని ఊరించేవారికి మూడింట్లోనూ దండిగా వస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం టోకు వ్యాపారం ప్రభుత్వ సంస్థల చేతుల్లోనే ఉంది. ఆ రాబడి చూసుకుని లెక్కలు వేసుకునే ఖజానాకి ఎన్ని మార్కులో మీరే వెయ్యండి. ఇక తాగి వచ్చి పెళ్ళాం పిల్లల మీద చెయ్యి చేసుకునేవాడున్నాడే, వాడి వాటాలో రవ్వంత కూడా గింజకీ, మరకీ పంచిపెట్టడానికి నేనొప్పుకోను. జల్లెడ పట్టడమంటే ఒకరి బరువు ఇంకొకరి మీద దింపడం కాదుగా.

ఇంకొక సంగతి కూడా ఆ పిల్ల చెప్పింది. మాల్టు ధూళి ప్రమాదకరమైనదట. గాలిలో దట్టంగా కమ్మినప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినా పేలిపోతుందట. అందుకని మరలోకి వెళ్ళేముందే రాళ్ళూ, ఇనుపముక్కలూ ఏరెయ్యాలి. ఇనుపముక్కల కోసం అయస్కాంతాలు పెడతారు. ఆ ధూళి రోజూ పీలిస్తే ఉబ్బసం కూడా వస్తుంది. "ఆ గదిలో బస్తాలు మోసేవాళ్ళున్నారు పిన్నీ, అవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం కూడా నా పనే" అంది. ఈ మాట విన్నాక నా లెక్క ఇంకొంచెం చిక్కుపడింది. ఒక పనిలో నాలుగు మంచి చేతులు ఉండటంవల్ల పని మంచిదైపోదు. కాని, మంచి చేతులన్నీ తప్పుకుంటే ఆ బస్తాలు మోసేవాళ్ళని ఎవరు చూస్తారు?

పిల్ల ఉద్యోగంలో చేరింది. చేరేరోజు దణ్ణం పెడితే బామ్మ ఆశీర్వదించింది. ఆశీర్వదించి, "మొదటి జీతంతో నాకు చీర కొనకమ్మా" అని మాత్రం అంది. మా స్నేహితురాలు చాటుకెళ్ళి కళ్ళు తుడుచుకుంది. ఆవిడ మొండితనం అనుకుంది గాని, నాకలా అనిపించలేదు. బామ్మ పిల్లని శపించలేదు, అడ్డం పడుకోలేదు, తమ్ముడు ఫీజుకి ఆ డబ్బు కట్టొద్దనీ అనలేదు. తన ఒంటి మీదికి వచ్చే చీర దగ్గర, తన చెయ్యి అందే మేరకి గీత గీసుకుంది. ఆ గీత ఎదుటివాళ్ళకి ఉచ్చులా బిగించలేదు. జల్లెడ పట్టడం ఆవిడకి ఒకరు చెప్పాలా!

ఇంతా చేసి, పాపం మనని వెతుక్కుంటూ ఎన్ని దారుల్లో వస్తుందో చూడండి. పానకం వడకట్టాక మిగిలిన తడి పొట్టుని కార్ఖానాలు పారెయ్యవు. అది పశువులకి మంచి దాణా. చుట్టుపక్కల పాడివాళ్ళు కొనుక్కుపోతారు. పులియబెట్టకముందే తీసేసింది కనక దాంట్లో మత్తేమీ ఉండదు. వాళ్ళింటికి పాలు పోసే అతను కూడా ఆ పొట్టే పెడుతున్నాడని పిల్లకి ఎలాగో తెలిసింది. తెలిస్తే ఊరుకుంటుందా? "బామ్మా, నీ కాఫీలో పాలు మా బీరు పొట్టువే!" అని వచ్చి చెప్పేసింది. బామ్మ ఒక్క క్షణం గ్లాసు వంక చూసింది. "గేదెకేం తెలుసే, పాపం! దానికి దేనికని ఎవరు చెప్పారు? తెలిసినవాళ్ళం మనమే" అని, కాఫీ తాగేసింది.

ఆ మాటలో ఎంత వేదాంతముందో నాకు తెలీదు గాని, న్యాయం మాత్రం ఉందనిపించింది.

ఇవాళ మన ఇళ్ళల్లో తిరగళ్ళు లేవు. ఉన్నా కుండీల పక్కన బొమ్మల్లా ఉన్నాయి. ఐనా విసరడం మాత్రం ఎవరికీ తప్పలేదు. బ్యాంకులో, ఆఫీసులో, కంప్యూటరు ముందు మన పిల్లలు ఎవరి తొట్టిలోకో ఏదో ఒకటి విసురుతూనే ఉన్నారు. నేను కాగితాల మీద అక్షరాలు విసురుతున్నాను. పిల్లకి ఉద్యోగం రాగానే జీతమెంత, సెలవులెన్ని అని అడుగుతాం. అడగాల్సిందే, ఇల్లు గడవాలిగా. వాటితోపాటు బామ్మ ప్రశ్న కూడా ఒకటి కలుపుకుంటే ఏం పోతుంది? జవాబు వినగానే ఉద్యోగం మానేసెయ్యమని కాదు. మానేసే వీలు అందరికీ ఉండదు కూడా. కాని తెలిసి విసిరే చెయ్యి ఎక్కడో ఒకచోట కాస్త నిదానిస్తుంది, ఒక మిల్లీమీటరు సర్దుకుంటుంది, ఒక చీర వద్దంటుంది. తెలియనట్టు విసిరే చెయ్యికి ఆ పాటి అవకాశం కూడా ఉండదు.